లయ నేర్పిన రికార్డులు



ఇంట్లో డ్రమ్ము నేర్చుకునే పిల్లవాడుంటే తల్లికి ఒక సందేహం రావడం సహజం. "సాధన చేస్తానని గదిలో కూర్చుంటాడు. తీరా చూస్తే గంటల తరబడి పాటలు వింటూ వుంటాడు. కర్రలు ముట్టుకోడు. ఇదేం సాధనండీ?" అంటారు. మరికొందరు తల్లుల సందేహం వేరు. "మా అమ్మాయి వీణ వద్దు, డ్రమ్ము నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఆడపిల్లకి డ్రమ్మేమిటి?" అంటారు. చిత్రమేమిటంటే, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. పేరుమోసిన డ్రమ్మర్లు గురువుల్లా భావించి మళ్ళీ మళ్ళీ వినే రికార్డులు కొన్ని వున్నాయి. ఇవాళ వాటి కథ చెప్పుకుందాం.

ముందు ఆ వాయిద్యం సంగతి కాస్త తెలియాలి. మన పెళ్ళిళ్ళకు వచ్చే బ్యాండుమేళం చూశారు కదా. పెద్ద డ్రమ్ము ఒకరు, చిన్న డ్రమ్ము ఒకరు, తాళాలు మరొకరు వాయిస్తారు. అమెరికాలోనూ ఒకప్పుడు అంతే. 1909లో లడ్విగ్ అనే ఆయన కాలితో నొక్కితే పెద్ద డ్రమ్ము మోగే పెడలు తయారుచేశాడు. దాంతో ఒక్క మనిషే కూర్చుని అన్నీ వాయించడం సులువైపోయింది. కుడికాలు పెద్ద డ్రమ్ము మీద, ఎడంకాలు జంట తాళాల మీద, ఒక చెయ్యి ముందున్న చిన్న డ్రమ్ము మీద, రెండో చెయ్యి సింబల్ అనే పెద్ద ఇత్తడి పళ్ళెం మీద. నాలుగూ నాలుగు రకాల పని చేస్తాయి, కాని లయ ఒక్కటే వుండాలి. ఇది మనకేమంత కొత్తకాదు. పాలు పొంగకుండా ఓ కన్ను వేసి, చేత్తో చపాతీ ఒత్తుతూ, కాలితో ఉయ్యాల ఊపుతూ, పిల్లచేత ఎక్కాలు ఒప్పజెప్పించుకునే ఇల్లాలికి ఆ కష్టం ఇట్టే అర్థమవుతుంది.

ఇక రికార్డు సంగతి. ఎల్.పి. రికార్డు 1948లో వచ్చింది. అంతకుముందు పళ్ళేనికి ఒక పక్క మూడు నాలుగు నిమిషాలు పాడేది. ఎల్.పి.లో ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైచిలుకే. అంటే ఒక కచేరీలో సగం మన ఇంటికి వచ్చినట్టే. గురువు దొరకని ఊళ్ళో వున్న పిల్లవాడు కూడా ముల్లు వెనక్కి పెట్టి, అర్థంకాని ముక్కని పదిసార్లు, వందసార్లు వినగలిగాడు. ఇప్పుడా పని ఫోనులో వేలితో తాకితే అయిపోతోంది. సాధన మాత్రం అదే.

డ్రమ్మర్లు తరచుగా చెప్పే రికార్డుల్లో మొదటిది 1959లో వచ్చిన "టైమ్ అవుట్". పియానో వాయించే డేవ్ బ్రూబెక్ బృందానిది. ఆ బృందం అంతకు ముందు ఏడు, 1958లో, అమెరికా ప్రభుత్వం తరఫున చాలా దేశాలు తిరిగింది. మన దేశానికీ వచ్చింది. టర్కీలో వీధి గాయకులు తొమ్మిది దెబ్బల లయలో వాయించడం బ్రూబెక్ విన్నాడు. జాజ్ సంగీతంలో అప్పటికి చాలామట్టుకు నాలుగు దెబ్బల లెక్కే నడిచేది. ఆ లెక్క దాటి పాటలు కట్టాలనిపించింది ఆయనకి. అందులో "టేక్ ఫైవ్" అనే పాట అయిదు దెబ్బలది. మన ఖండచాపు తెలిసినవాళ్ళకి అయిదంటే భయం వుండదు. మనం రెండూ మూడూ అని వేస్తాం, ఆ పాటలో మూడూ రెండూ అని వస్తుంది, అంతే తేడా.

దానికి డ్రమ్ము వాయించినవాడు జో మొరెల్లో. చిన్నప్పటినుంచీ చూపు బాగా తక్కువ. మొదట వయొలిన్ నేర్చుకుని, తర్వాత డ్రమ్ముకి మారాడు. ఈ పాట మధ్యలో మన తని ఆవర్తనం లాంటి ఘట్టం వుంది. పియానో అదే అయిదు దెబ్బల వరస ఆపకుండా వాయిస్తూ వుంటుంది. మన కచేరీలో గాయకుడు చేత్తో తాళం వేసినట్టు. దానిమీద మొరెల్లో తొందరపడడు. ఒక దెబ్బ వేసి ఆగుతాడు. మళ్ళీ రెండు వేసి ఆగుతాడు. నేర్చుకునేవాళ్ళు ఆ ఆగడాన్నే పట్టిపట్టి వింటారు. ఎక్కడ ఊరుకోవాలో తెలియడం ఆ వాయిద్యంలో సగం విద్య.

అదే ఏడు, అదే కొలంబియా కంపెనీ న్యూయార్కు స్టూడియోలో తయారైంది మైల్స్ డేవిస్ గారి "కైండ్ ఆఫ్ బ్లూ". డ్రమ్ము జిమ్మీ కాబ్. 2020 దాకా జీవించాడాయన. ఈ రికార్డులో డ్రమ్మరుకు ఒంటరిగా వాయించే అవకాశమే లేదు. మొదటినుంచి చివరిదాకా సింబల్ మీద మెత్తగా నడక సాగిస్తాడు. మృదంగ విద్వాంసులు సర్వలఘు అంటారే, అలాంటిది. గాయని ఎంత పైకి పోయినా కింద నేల కదలకుండా పట్టుకున్నట్టు వుంటుంది. ఆర్భాటంగా ఏదీ వినపడదు కనుక కొత్తవాళ్ళకి ఇందులో ఏముందనిపిస్తుంది. కొన్నేళ్ళు వాయించి చెయ్యి తిరిగాక గాని, అంత నెమ్మదిగా, అంతసేపు, పరుగెత్తకుండా వాయించడం ఎంత కష్టమో తెలియదు.

రాక్ సంగీతానికి వస్తే, లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు బృందం 1971లో తెచ్చిన నాలుగో ఎల్.పి. వుంది. దాని చివరి పాట మొదట్లో జాన్ బోనమ్ వాయించిన డ్రమ్ము గుహలోనుంచి ఉరుము వచ్చినట్టు వినిపిస్తుంది. అందులో రహస్యం బలం కాదు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్లకింద హాల్లో డ్రమ్ము పెట్టి, మైకులు పై అంతస్తునుంచి వేలాడదీశారు. స్నానాలగదిలో పాడితే మన గొంతు మనకే ఎంతో బాగున్నట్టనిపించదూ? అదే సూత్రం. వాయించే చోటు కూడా వాయిద్యంలో భాగమేనని ఆ రికార్డు విన్నవాళ్ళకి తెలిసొచ్చింది.

ఇప్పుడు కాస్త మనసు కష్టపెట్టే కథ. జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడి బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మరు వుండేవాడు. 1970లో వచ్చిన "ఫంకీ డ్రమ్మర్" అనే పాట చివర, గాయకుడు అందరినీ ఆపి డ్రమ్మరును ఒక్కణ్ణే వాయించమంటాడు. అది కొద్ది సెకన్ల ముక్క. గట్టి దెబ్బల మధ్య చెవికి ఆనీ ఆననట్టు చిన్నచిన్న దెబ్బలు పడుతూ వుంటాయి. ముగ్గులో చుక్కల్లాంటివి అవి. చుక్కలు లేకపోతే గీత ఎక్కడికో పోతుంది కదా. 1986లో "ఇన్ ద జంగిల్ గ్రూవ్" అనే ఎల్.పి.లో ఆ పాటని పూర్తి నిడివితో వేశారు. అప్పటినుంచీ ఆ ముక్కని యంత్రంతో కత్తిరించి తమ పాటలకి అతికించుకున్నవాళ్ళు వందల్లో వున్నారు. పాట హక్కు కాగితం మీద గాయకుడి పేరున వుంది. లయ కట్టిన స్టబుల్‌ఫీల్డ్‌కి దానిమీద హక్కేమీ లేదు. ఆయన 2017లో చనిపోయాడు.

ఇంకో డ్రమ్మరు గ్రెగరీ కోల్మన్‌ది ఇంతకంటే అన్యాయం. 1969లో విన్‌స్టన్స్ బృందం రికార్డుకి రెండో పక్కనున్న "ఆమెన్ బ్రదర్" అనే పాటలో ఆయన వాయించింది ఆరేడు సెకన్లు. దాన్ని వేల పాటల్లో వాడుకున్నారు. ఇంగ్లండులో ఒక సంగీతరీతే దానిమీద పుట్టింది. దానికి ఒక్క డాలరు కూడా ముట్టకుండానే 2006లో ఆయన కన్నుమూశాడు. ఇంటిల్లిపాదీ తిని లేచాక వంట ఎవరిదని అడిగేవాళ్ళుండరు. ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా! అంచేత ఇకమీదట రికార్డు అట్ట చేతికి వస్తే వెనక చిన్న అక్షరాల్లో ఎవరెవరు ఏం వాయించారో చదవండి. పిల్లలచేత కూడా చదివించండి.

ఇక రెండో ప్రశ్న, ఆడపిల్ల సంగతి. కారెన్ కార్పెంటర్ పేరు మీలో చాలామంది వినే వుంటారు. గాయనిగానే ఎక్కువమందికి తెలుసు. కాని ఆవిడ మొదట డ్రమ్మరు. 1950లో పుట్టింది. కాలిఫోర్నియాలోని డౌనీ ఊళ్ళో హైస్కూలు బ్యాండులో చేరింది. అక్కడ చేతికిచ్చిన వాయిద్యం వేరు, కన్నుమాత్రం డ్రమ్ము మీదుండేది. ఆ రోజుల్లో ఆడపిల్ల డ్రమ్ము పట్టడం అక్కడా వింతే. బడినుంచి రాగానే వంటింట్లోని ఎత్తు స్టూళ్ళు వరసగా పెట్టుకుని, చైనావాళ్ళు అన్నం తినే పుల్లలు చేతబట్టి, రికార్డు పెట్టి దానితోపాటు వాయించేది. ఆ రికార్డు ఏమిటనుకున్నారు? ఇందాక చెప్పుకున్న "టైమ్ అవుట్" రికార్డే! అయిదు దెబ్బలూ తొమ్మిది దెబ్బలూ ఆ పిల్ల స్టూళ్ళమీదే పట్టేసింది.

1969లో అన్నతో కలిసి తెచ్చిన మొదటి ఎల్.పి.లో డ్రమ్మంతా తనే వాయించింది. మరుసటి ఏడు పాట పెద్ద పేరు తెచ్చింది. అప్పుడు మొదలైంది చిక్కు. అంత చక్కగా పాడే అమ్మాయి డ్రమ్ముల వెనక కనబడకుండా పోతోందని జనం అన్నారు. ముందుకొచ్చి నిలబడి పాడమన్నారు. ఆమెకి అది ఇష్టంలేదు. పాడగలిగిన డ్రమ్మరుననే తనని తాను చెప్పుకునేది. రికార్డుల్లోనూ అనేక పాటలకి వేరే డ్రమ్మర్లు కూర్చున్నారు. అయినా 1973లో వచ్చిన "నౌ అండ్ దెన్"లో చాలా పాటలకి డ్రమ్ము ఆమెదే. తిండి మానుకుని మనిషి చిక్కి శల్యమయ్యే అనొరెక్సియా అనే జబ్బుతో గుండె దెబ్బతిని, 1983లో ముప్పై రెండేళ్ళకే పోయింది. ఆ జబ్బుకి కారణం ఇదని నేననను. కాని బాగా చేతనైన పనిలోంచి ఆడదాన్ని "మీ మంచికే" అంటూ మెల్లిగా పక్కకి జరపడం అనేది, అమెరికాలో జరిగినా మనకి కొత్తగా అనిపించదు.

మనదేశంలో ఆడవాళ్ళు తాళవాద్యం పట్టలేదనుకోకండి. ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతిగారు తండ్రి దగ్గరే మృదంగం మొదలుపెట్టారు. ఆ తర్వాత దండమూడి రామమోహనరావుగారి శిష్యురాలై, ఆయన్నే పెళ్ళాడారు. దంపతులిద్దరూ మృదంగ విద్వాంసులే. 2021లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది.

అన్నట్టు, విదేశీ డ్రమ్మర్లు నోరు తెరుచుకుని వినే మన రికార్డు కూడా ఒకటుంది. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారు విద్వాంసుడితో కలిసి మనవాళ్ళు పెట్టిన "శక్తి" బృందం మొదటి ఎల్.పి. అది. 1976లో విడుదలైంది. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. డ్రమ్ము సెట్టు అసలు లేనే లేదు. నీళ్ళకుండ లాంటి మట్టిఘటంలోంచి అన్ని నాదాలు పుట్టించవచ్చునని ఆ దేశాల్లో ఎంతోమందికి ఆ రికార్డే చెప్పింది. మనం తకిట, తకధిమి అంటూ నోటితో లెక్క చెప్పుకునే పద్ధతిని ఇప్పుడు అక్కడి డ్రమ్మర్లు కూడా అభ్యాసం చేస్తున్నారు. జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరులో మనకి దూరమయ్యారు. ఆ రికార్డు మాత్రం వుంది.

చివరగా, ఇంట్లో మీరు చెయ్యదగ్గ పని ఒకటి చెబుతాను. మధ్యాహ్నం తీరిక చిక్కినప్పుడు పిల్లల పక్కన కూర్చుని "టేక్ ఫైవ్" పెట్టించుకోండి. మొదటిసారి పాట వినకండి, సింబల్ చప్పుడొక్కటే వెంబడించండి. రెండోసారి పెద్ద డ్రమ్ము ఎక్కడ పడుతోందో కాలితో చూపించండి. మూడోసారి పియానోతోపాటు వేళ్ళమీద అయిదు లెక్కపెట్టండి. నాలుగోసారి అన్నీ కలిపి వినండి. మొదట వినబడనివి ఎన్నో అప్పుడు వినబడతాయి. మీ వాడు కర్రలు ముట్టకుండా చేస్తున్న సాధన ఇదేనని మీకే తెలుస్తుంది. చప్పుడు మరీ పెద్దగా పెట్టనివ్వకండి. లయ వినాల్సిన చెవులు చిన్నతనంలోనే దెబ్బతింటే తిరిగి రావు. డ్రమ్ము కొనడం ఇప్పుడే కుదరకపోతే రబ్బరు పలక ఒకటీ, జత కర్రలూ చాలు. ఇరుగుపొరుగువారి నిద్ర చెడదు.

ఇక ఆడపిల్ల అడిగితే ఏం చెప్పాలంటారా? వంటింటి స్టూళ్ళు నాలుగు తీసి వరసగా పెట్టండి. రికార్డు వెయ్యండి. పిల్లకి లయ వుందో లేదో ఆ పూటే మీకు తెలిసిపోతుంది.