నాలుగు వైపుల ఐర్లాండ్

పన్నెండంగుళాల నల్లటి రికార్డులు రెండు. పళ్లెం మీద నిమిషానికి 33 చుట్ల పైచిలుకు తిరుగుతాయి. రెండిటికీ కలిపి నాలుగు వైపులు, సుమారు గంటా పావు సంగీతం. ముల్లు నడిచే గాడిని చుట్ట విప్పి నేలమీద పరిస్తే దాదాపు కిలోమీటరున్నర పొడవు తేలుతుంది. ఒక ద్వీపంలోని మూడు నగరాలు, ఒక చలికాలం, వేలమంది జనం కేకలు, ఇరవై అయిదేళ్ల కుర్రాడి గిటారు ఆ గాడిలోనే ఉన్నాయి. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాల్లో రోరీ గాలహర్ చేసిన కచేరీల రికార్డు ఇది. పేరు 'ఐరిష్ టూర్ 74'. అదే ఏడాది జులైలో పాలిడోర్ కంపెనీ విడుదల చేసింది. యాభై ఏళ్లు దాటినా బ్లూస్ రాక్ అభిమానులు దీన్ని బీరువాలో అందుబాటు అరలోనే ఉంచుకుంటారు.

బ్లూస్ పుట్టింది అమెరికా దక్షిణాదిలో, పత్తి చేలలో వెట్టికి నలిగిన నల్లజాతి కుటుంబాల గొంతుల్లో. దానికి కరెంటు గిటారు, డ్రమ్ముల జోరు తోడైతే బ్లూస్ రాక్. మిసిసిపీ నది ఒడ్డున పుట్టిన పాట అట్లాంటిక్ దాటి ఐర్లాండ్ కుర్రాణ్ని పట్టుకున్నది రేడియోలోనే. రోరీ 1948 మార్చి 2న వాయవ్య ఐర్లాండ్‌లోని బాలీషానన్‌లో పుట్టాడు. కొన్నాళ్లు డెర్రీలో పెరిగాడు. తర్వాత తల్లితో, తమ్ముడితో దక్షిణాన ఉన్న కార్క్ నగరానికి చేరి, మెక్‌కర్టన్ వీధిలో అమ్మమ్మ వాళ్ల మద్యం దుకాణం పైన ఉన్న ఇంట్లో ఉన్నాడు. అప్పట్లో ఐర్లాండ్‌లో వాద్యగాడికి నాలుగు డబ్బులు రావాలంటే షోబ్యాండ్‌లో చేరాల్సిందే. మన పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాల్లాగా, ఆ బృందాలు సూట్లు తొడుక్కుని డ్యాన్సు హాళ్లలో ఆ నెల హిట్ పాటలు వాయించేవి. పదిహేనేళ్లకే రోరీ అందులో చేరాడు.

ఆ రోజుల్లోనే, 1963లో, కార్క్‌లోని క్రౌలీ సంగీత వాద్యాల దుకాణంలో ఒక గిటారు కనపడింది. 1961లో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ఒకరు వాడి అమ్మేసిన సరుకు. ఐర్లాండ్‌లో అడుగుపెట్టిన మొదటి స్ట్రాటోకాస్టర్ అదేనని చెప్పుకుంటారు. ధర 100 పౌండ్లు. ఆ ఇంటికి అది మోయలేని మొత్తం. వాయిదాల మీద కొన్నాడు. కొన్నాళ్లకు డబ్లిన్‌లో అది దొంగతనానికి గురైంది. చివరికి ఒక గుంటలో, వానకు తడిసి దొరికింది. ఇక జన్మలో దాన్ని వదలకూడదనుకున్నాడు, వదల్లేదు. ఆ గిటారును దగ్గరగా చూడాలి. ముదురు రంగు నుంచి తేనె రంగులోకి మెల్లగా మారే సన్‌బరస్ట్ పూత దానిది. ఇప్పుడు ఆ పూత అంచుల్లో పెచ్చులుగా మాత్రమే మిగిలింది. మిగతా ఒళ్లంతా పచ్చి చెక్క తేలి ఉంటుంది. ఏళ్ల తరబడి వేదికల మీద అతని చెమట ఆ రంగును తినేసింది. కుడిచేయి ఆనే చోట చెక్క నున్నగా అరిగింది. అతను మాత్రం దానికి కొత్త రంగు వేయించలేదు.

బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ కింద ఉంది. 1970లలో అక్కడి పరిస్థితి తెలిస్తేగానీ ఈ రికార్డు విలువ తెలియదు. 1960ల చివర మొదలైన మత, రాజకీయ ఘర్షణలు మూడు దశాబ్దాలు సాగాయి. 1972 జులై 21న ఒక్క మధ్యాహ్నంలో బెల్‌ఫాస్ట్ నగరమంతటా వరసగా బాంబులు పేలాయి. సాయంత్రమైతే నగరం నడిబొడ్డు ఖాళీ అయ్యేది. బయటి సంగీత బృందాలు చాలావరకు అటు రావడం మానేశాయి. ఆ భయం ఉత్తుత్తిది కాదు. 1975 జులై 31న కచేరీ ముగించుకుని డబ్లిన్ తిరిగి వెళ్తున్న మయామీ షోబ్యాండ్ సభ్యులు ముగ్గుర్ని సాయుధులు దారి కాచి చంపారు. అలాంటి కాలంలో రోరీ ఏటా చలికాలంలో ఇంటికి వచ్చినప్పుడు బెల్‌ఫాస్ట్‌ను వదలకుండా వాయించాడు. పగలు ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టని కుర్రాళ్లు రాత్రి ఒకే హాల్లో పక్కపక్కన నిలబడ్డారు. నా దృష్టిలో ఈ రికార్డు గొప్పతనం గిటారు వేగం కన్నా ముందు ఇక్కడుంది. దాదాపు ఎవరూ రాని ఊరికి అతను వెళ్లాడు.

బెల్‌ఫాస్ట్‌లో ఆ వేదిక పేరు అల్‌స్టర్ హాల్. బెడ్‌ఫర్డ్ వీధిలో 1862లో తెరిచిన కట్టడం. లోపల గోడ నిండా గొట్టాలతో నిలిచే పెద్ద ఆర్గాన్ వాద్యం ఉంది. ఆండ్రూ మల్‌హాలండ్ అనే మాజీ మేయర్ ఇచ్చింది కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల పెద్ద సభలకు ఈ హాలు పేరుమోసింది. 1886లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు ర్యాండాల్ఫ్ చర్చిల్ వాళ్ల పక్షాన ప్రసంగించాడు. ఆయన కొడుకు విన్‌స్టన్ 1912లో ఐరిష్ స్వపరిపాలన తరఫున మాట్లాడదామని వస్తే మాత్రం ఇదే హాలు దక్కలేదు. 1971 మార్చిలో లెడ్ జెప్లిన్ బృందం 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటను ప్రజల ముందు మొదటిసారి వాయించిందీ ఇక్కడే. కార్క్ కచేరీ జరిగిన సిటీ హాల్ కథ వేరు. 1920 డిసెంబరులో బ్రిటిష్ బలగాలు కార్క్ నడిబొడ్డుకు నిప్పుపెట్టినప్పుడు పాత భవనం కాలిపోయింది. ఇప్పుడున్నది 1936లో తెరిచినది. ఒకే ద్వీపంలో రెండు చరిత్రలు మోసే రెండు హాళ్లు ఒకే రికార్డు అట్టలోకి వచ్చి చేరాయి.

రికార్డు చేసిన తీరు కూడా ముచ్చటైనదే. ఫేసెస్ బృందంలో బాస్ వాయించిన రానీ లేన్‌కు ఎయిర్‌స్ట్రీమ్ అనే అల్యూమినియం బండి ఉండేది. వెండిలా మెరిసే ఆ బండిలోపల స్టూడియో అమర్చాడు. ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కెళ్లి హాలు బయట ఆపి, తీగలు లోపలికి లాగి టేపు తిప్పడమే. బాస్ గిటారు జెర్రీ మెకవోయ్, డ్రమ్ములు రాడ్ డీయాత్, కీబోర్డు లూ మార్టిన్. నాలుగో మనిషి రోరీ. చెక్క నేల, ఎత్తైన కప్పు, జనం శ్వాస అన్నీ టేపులోకి వచ్చేశాయి. దర్శకుడు టోనీ పామర్ ఇదే పర్యటనను సినిమాగా తీశాడు. మన ఇళ్లలోనూ అది ఎల్పీ రికార్డుల కాలమే. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను తెలుగువారు విన్నది ఇలాంటి ఎల్పీ రికార్డుల మీదే.

మొదటి వైపు 'క్రేడిల్ రాక్'తో దుమ్ము రేపుతూ మొదలవుతుంది. వెంటనే అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట నింపాదిగా వస్తుంది. మూడో వైపులో ఉన్నవి రెండే పాటలు, ఒక్కోటీ పది నిమిషాల పైమాటే. రెండో వైపు మధ్యలో బృందం వాద్యాలు ఆగుతాయి. రోరీ లోహపు గిటారు, మౌతార్గాన్ పట్టుకుని ఒక్కడే టోనీ జో వైట్ రాసిన 'యాజ్ ది క్రో ఫ్లైస్' పాడతాడు. ఆ తర్వాత 'ఎ మిలియన్ మైల్స్ అవే'. సముద్రపు ఒడ్డున జనం నిండిన మద్యశాలలో ఒంటరైన మనిషి పాట అది. తొమ్మిది నిమిషాల్లో గిటారు గుసగుసగా మొదలై కెరటంలా లేచి, మళ్లీ వెనక్కి వెళ్తుంది. ఈ రికార్డు 20 లక్షలకు పైగా అమ్ముడైందని చెబుతారు. నాకైతే ఆ తొమ్మిది నిమిషాలే చాలు.

రోరీ 1995 జూన్ 14న లండన్‌లో, కాలేయ మార్పిడి తర్వాత, 47 ఏళ్ల వయసులో చనిపోయాడు. కార్క్ శివారు బాలిన్‌కాలిగ్‌లో సమాధి ఉంది. గిటారు 2024 అక్టోబరులో లండన్ వేలంలో రుసుములతో కలిపి 8,89,400 పౌండ్లు పలికింది. కొన్న సంస్థ దాన్ని ఐర్లాండ్ జాతీయ మ్యూజియంకు అప్పగించింది. వంద పౌండ్ల వాయిదా సరుకు దేశం ఆస్తి అయింది.

వెళ్లి చూడాలనుకునేవారికి కార్క్‌లో రోరీ గాలహర్ ప్లేస్ అనే చిన్న కూడలి, అందులో ఒక శిల్పం ఉన్నాయి. సిటీ లైబ్రరీ సంగీత విభాగానికీ ఆయన పేరే. డబ్లిన్‌లో టెంపుల్ బార్ అనే పేటలో ఓ మూలన కంచు గిటారు గోడకు వేలాడుతుంది. బాలీషానన్‌లో 2010 నుంచి విగ్రహం ఉంది, ఏటా వేసవి మొదట్లో ఆయన పేరిట ఉత్సవం జరుగుతుంది. అల్‌స్టర్ హాల్ ముందు 2025 జనవరిలో కంచు విగ్రహం పెట్టారు. డబ్లిన్ నుంచి కార్క్‌కు రైల్లో రెండున్నర గంటలు, బెల్‌ఫాస్ట్‌కు రెండు గంటల పైన. బెల్‌ఫాస్ట్ బ్రిటన్ కిందికి వస్తుంది కాబట్టి వీసా విషయంలో జాగ్రత్త అవసరం. భారతీయులకు రెండు దేశాలూ తిరిగే ఉమ్మడి వీసా ఏర్పాటు ఉంది, దరఖాస్తు చేసే ముందే తాజా వివరాలు కనుక్కోవాలి. అంతదూరం వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. 2014లో 40 ఏళ్ల సందర్భంగా 7 సీడీలు, ఒక డీవీడీతో పెద్ద పెట్టె వచ్చింది, ఎల్పీలు కూడా మళ్లీ ముద్రిస్తున్నారు. మన ఊళ్లో అరుగు మీద కూర్చుని ఫోన్‌లోనూ వినొచ్చు. మొదటిసారి వినేవారు రెండో వైపు మూడు పాటలతో మొదలుపెట్టండి, వాటి వరస మాత్రం మార్చకండి.