నొప్పి తెలియని మచ్చ

తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు, వల్లూరు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని ఈ ఐదు ఊళ్ల మెట్ట భూముల్లో, సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నడుస్తోంది. మూడు వైపులా ఆంధ్ర హద్దు ఉన్న తాలూకా ఇది. ఉన్నది కర్ణాటకలోనైనా ఇళ్లలో వినబడేది ఎక్కువగా తెలుగే. సోలార్ రాకముందు పావగడ అంటే కరువు, వలస. కుష్ఠు మీద ఏళ్ల తరబడి సాగిన పోరాటం కూడా ఈ తాలూకా చరిత్రలో ఉంది. స్వామి జపానంద నాయకత్వంలోని శ్రీరామకృష్ణ సేవాశ్రమం 1990ల నుంచి ఇక్కడ కుష్ఠు, క్షయ రోగులకు వైద్యం అందిస్తోంది.

కుష్ఠును చర్మరోగాల కింద చదువుకుంటాం గాని, అది నరాల జబ్బు. చర్మం మీద కనబడేది దాని జాడ మాత్రమే. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగానికి కారణమైన బ్యాక్టీరియాను గుర్తించాడు. ఇన్నేళ్లు గడిచినా దాన్ని ప్రయోగశాలలో కృత్రిమ మాధ్యమం మీద పెంచడం ఎవరి వల్లా కాలేదు. ఎందుకో 2001లో దాని జన్యుపటం వెలువడ్డాక కొంత అర్థమైంది. వెయ్యికి పైగా జన్యువులు చెడిపోయి, పేరుకు మాత్రం మిగిలాయి. సొంతంగా బతికే శక్తి పోయి, మన కణాల్లో దూరితేనే దానికి మనుగడ. మామూలు పేగు బ్యాక్టీరియా ఇరవై నిమిషాల్లో రెండింతలైతే, దీనికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే ఒంట్లో చేరిన ఐదేళ్లకు, ఒక్కోసారి ఇరవై ఏళ్లకు గాని లక్షణాలు బయటపడవు. ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే దానికి ఇష్టం. ముక్కు, చెవి తమ్మెలు, చర్మానికి దగ్గరగా సాగే నరాలు దానికి దొరికే తావులు.

పల్లెలో పాలిపోయిన మచ్చ కనబడితే శోభి అనో, పొడ అనో వదిలేస్తారు. తామర అనుకుని మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని రాస్తారు. మచ్చ కాస్త తగ్గినట్టు కనిపించి, అసలు జబ్బు పట్టుబడడం ఆలస్యమవుతుంది. తేడా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వెలుతురు బాగా వచ్చే చోట రోగిని కూర్చోబెట్టి, ముందు కళ్లు తెరిచి ఉండగానే బాల్‌పెన్ మొనతో చర్మాన్ని తాకి, ఏం చేయాలో చెప్పాలి. తర్వాత కళ్లు మూసుకోమని, ఒకసారి మచ్చ మీద, ఒకసారి మంచి చర్మం మీద తాకుతూ, ఎక్కడ తగిలిందో వేలితో చూపమనాలి. శోభి మచ్చ మీదా, బొల్లి మచ్చ మీదా స్పర్శ ఉంటుంది. మచ్చ మీద తాకినప్పుడల్లా రోగి వేలు కదలకపోతే అనుమానం కుష్ఠు మీదికే పోవాలి. తర్వాత మోచేయి కొద్దిగా మడిపించి, లోపలి వైపు ఎముక వెనకాల నరాన్ని తడమాలి. రెండు చేతులూ పోల్చి చూస్తే, ఉబ్బిన నరం వేళ్ల కింద లావుగా, తాడులా తగులుతుంది. అయితే ముఖం మీది మచ్చలో స్పర్శ పోయినా తెలియకపోవచ్చు. ఒళ్లంతా వ్యాపించిన రకంలో మచ్చలకు స్పర్శ ఉండనూవచ్చు. అందుకే ఒక్క పెన్నునే నమ్ముకోకూడదు.

తెలుగు నేల మీద ఈ వైద్యానికి పాత చరిత్రే ఉంది. 1915లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. అప్పటి మందు చాల్‌మూగ్ర గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి, ఫలితం అంతంతమాత్రం. 1940లలో డాప్సోన్ వచ్చింది. ఆ ఒక్క మందునే ఏళ్ల తరబడి వాడేసరికి బ్యాక్టీరియా దానికి లొంగడం మానేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వమంది. ఒక్క మోతాదు రిఫాంపిసిన్‌తోనే బ్యాక్టీరియా దాదాపు అంతా చస్తుంది. మిగతా రెండు మందులు మిగిలినవాటిని మొండికెత్తనివ్వవు. మచ్చలు తక్కువున్నవాళ్లకు ఆరు నెలలు, ఎక్కువున్నవాళ్లకు పన్నెండు నెలలు వాడాలి.

మాత్రలు మధ్యలో మానేసేవారిలో చాలామందిని భయపెట్టేది క్లోఫజిమిన్. చర్మం నల్లబడుతుంది. పెళ్లి కావలసిన పిల్లకు ముఖం నల్లబడితే ఆ ఇంట్లో ఎంత గొడవో వేరే చెప్పాలా! కోర్సు అయ్యాక కొన్ని నెలల్లో ఆ నలుపు తగ్గుతుందని మొదటి రోజే చెప్పని డాక్టరు సగం వైద్యమే చేసినట్టు లెక్క.

కోర్సు నడుస్తుండగా గాని, ముగిశాక గాని ఉన్నట్టుండి మచ్చలు ఎర్రబడి ఉబ్బడం, నరం నొప్పి పెట్టడం, చేతిలో బిగువు తగ్గడం ఉంటుంది. మందు పడలేదని రోగి అనుకుంటాడు. చచ్చిన బ్యాక్టీరియా మీద మన రోగనిరోధక శక్తి విరుచుకుపడడం వల్ల జరిగేదిది. మాత్రలు ఆపకుండా వెంటనే ప్రెడ్నిసొలోన్ ఇవ్వాలి. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటితే తిరిగి కోలుకునే అవకాశం బాగా పడిపోతుంది. వంకర వేళ్లు మొదలయ్యేది ఇక్కడే. వేళ్లు కుళ్లి రాలిపోవని, స్పర్శ లేక తగిలే కాలిన గాయాలు, కోతలు, పుండ్లే వాటిని తినేస్తాయని వేలూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ గట్టిగా చూపించాడు. శనక్కాయ చెట్లు పీకే చేతికి, మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచే కాలికి ఈ ప్రమాదం ఎక్కువ. రోజూ పాదాలను నీళ్లలో నానబెట్టి, మొద్దుచర్మం గరుకురాయితో రుద్ది, తడి ఆరకముందే నూనె రాసుకోవాలి. ఈ పని ఏ మాత్రకూ తీసిపోదు.

2005 డిసెంబరు నాటికి దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకరి కన్నా తగ్గింది. నిర్మూలన అయిందని ప్రకటించారు. దాంతో కుష్ఠుకు విడిగా ఉన్న సిబ్బంది తగ్గి, నరం తడిమి చూసే అలవాటు కూడా పోయిందని నా అభిప్రాయం. 2023లో ప్రపంచంలో కొత్తగా గుర్తించిన 1.8 లక్షల మందిలో సగానికి పైగా మన దేశంవాళ్లే. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలు 2019లో పోయింది. పెద్దరోగం అన్న భయం మాత్రం పోలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో ఉండి, అక్కడ స్పర్శ తగ్గిందనిపిస్తే క్రీము కొనకండి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పరీక్ష, మాత్రలు రెండూ ఉచితం.