మీకు తెలుసా? క్యాన్సర్ మాత్రకూ పిల్లల పొడుగుకూ లంకె ఉంది!

కూచిపూడిలో అరమండి వేసి అడుగులు సాధన చేసే పిల్ల మోకాళ్లు నొప్పంటే ఇంట్లోవాళ్లు ‘డ్యాన్సు నొప్పేలే’ అని నూనె రాస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ పిల్ల బ్లడ్ క్యాన్సర్‌కు ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటుంటే మాత్రం ఆ సంగతి డాక్టరు చెవిన వేయాల్సిందే.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌ను నడిపించే ఒక ప్రొటీన్‌ను పట్టి ఆపడానికి తయారైన మందు ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన ఇళ్లకు అందే ధరలో దాన్ని 2003లో ‘వీనాట్’ పేరుతో తెచ్చింది హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో. ఈ మందు పేటెంటు కోసం దాని అసలు తయారీదారు నోవార్టిస్ వేసిన అప్పీలును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందు ఇది, అందులో సందేహం లేదు.

అయితే ఎముకను కట్టే కణాలకూ, కరిగించే కణాలకూ కబురు మోసే మరికొన్ని ప్రొటీన్లను కూడా ఇది అడ్డుకుంటుంది. పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. పొడుగు పెరిగేది అక్కడే. ఈడు రాకముందే ఈ మందు మొదలుపెట్టిన పిల్లల్లో ఎదుగుదల మందగించడం వైద్యులు గమనించారు. ఈడొచ్చాక కొందరు కొంత పుంజుకున్నారు కూడా. కొందరికి రక్తంలో ఫాస్ఫరస్ తగ్గుతుంది. ఆ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి లోకానికిచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే!

అన్ని క్యాన్సర్ మందులూ ఒకేలా ఉండవు. ఎంట్రెక్టినిబ్ అనే మరో మందు పరీక్షల్లో పెద్దల్లో 100కి 5 మందికి ఎముకలు విరిగితే, పిల్లల్లో ఇంచుమించు నలుగురిలో ఒకరికి విరిగాయి. అదీ పెద్ద దెబ్బేమీ తగలకుండానే. విస్మోడెగిబ్ అనే ఇంకో మందు మరింత కఠినం. అది వాడిన పిల్లల్లో ఎముకల చివరి మృదులాస్థి పొర వయసు రాకముందే మూసుకుపోయింది, కొందరిలో మందు మానేశాక కూడా ఆ మూసుకుపోవడం ఆగలేదు.

అమ్మానాన్నలూ, భయపడి మాత్ర మాత్రం మానిపించకండి. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ బిడ్డ పొడుగు కొలిపించి పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఫాస్ఫరస్, విటమిన్ డి పరీక్షల గురించి అడగండి. కాలు నొప్పంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి.