డాబా మీది కూరగాయలకు పొలం మందు వద్దు



ఒక వేసవి రోజున ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కొడుకును ఓ.పి.లో చూపించడానికి తీసుకొచ్చింది. జ్వరం సంగతి అయిపోయాక లేస్తూ లేస్తూ అడిగింది: "డాక్టరమ్మా, మట్టెవాడల మా డాబా మీద పచ్చవల కట్టి మిరప, టమాట, బెండ పెట్టినం. ఆకుల కింద తెల్లదోమ పట్టింది. మా అన్న పత్తికి కొట్టే మందు జర సీసల పోసి ఇచ్చిండు. బకెట్‌కు ఎంత కలపాలె?"

సీసా ఎక్కడుందని అడిగాను. వంటింటి కిటికీలో ఉందట. కూల్‌డ్రింక్ సీసా. దాని మీద మందు పేరు లేదు. అసలే కలపవద్దని మాత్రం అప్పుడు చెప్పి పంపాను. అలాంటి సీసా ఇంకెన్ని ఇళ్లలో ఉందో అనిపించి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

వల కట్టాక పురుగు తగ్గాలి కదా, పెరిగిందేమిటని చాలామంది అడుగుతారు. వల ఎండను ఆపుతుంది కానీ, వానకు ఆకులు కడుక్కుపోయే అవకాశాన్ని, గాలిని కూడా కొంత ఆపుతుంది. తెల్లదోమ, పేనుబంక లాంటి సన్న పురుగులు సందుల్లోంచి దూరిపోతాయి. వాటిని తినే అక్షింతల పురుగులు మాత్రం బయటే ఉండిపోతాయి. మన వరంగల్ ఎండలకు ఎర్రనల్లి కూడా తోడవుతుంది. అదే వల కింద పొలం మందు కొడితే ఆ ఆవిరి అక్కడే నిలుస్తుంది. పీల్చేది మనమే. మూడో రోజు ఆ టమాటలు కోసి కూర వండుకునేదీ మనమే. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది.

మందు లేకుండా పంట వస్తుందా అనే అనుమానం సహజమే. 1997-98లో పత్తిని లద్దెపురుగు తినేస్తే, అప్పులపాలై అదే పురుగుమందు తాగి మన జిల్లాలో ఎందరు రైతులు పోయారో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో జనగామ వైపు లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి రైతులు మందులు మానేసి వేపగింజల కషాయం, ఎర పంటలు నమ్ముకున్నారు. 2006లో తమది రసాయనాలు లేని ఊరని ప్రకటించుకున్నారు. వాళ్లు ఎకరాల్లో చేసిన పనిని మనం ఇరవై కుండీల్లో చేయలేమా?

పొద్దున నీళ్లు పోసేటప్పుడు ఆకు తిప్పి అడుగు భాగం చూడండి. పురుగు ఉండేది అక్కడే. పేనుబంక, ఎర్రనల్లి కనబడితే పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టండి. సగం పని అయిపోతుంది. తెల్లదోమకు పసుపు రంగంటే ఇష్టం. పసుపు అట్టముక్కలకు ఆముదం పూసి మొక్కల ఎత్తులో వేలాడదీస్తే వచ్చి అంటుకుంటుంది. పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. దాని దగ్గరికి వచ్చే చీమలను కూడా ఆపాలి, చీమలే దానిని కాపాడతాయి. బెండాకు ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ తెచ్చిన వైరస్; ఏ మందుకూ పోదు, మొక్క పీకేయండి. ఉదయం కాసేపు వల ఒక పక్క ఎత్తి ఉంచితే గాలీ వస్తుంది, అక్షింతల పురుగులూ వస్తాయి.

అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కొంచెం సబ్బునీళ్లు చేర్చి సాయంత్రం చల్లండి. ముందు ఒక్క కొమ్మ మీద చల్లి, ఆకు మాడకపోతేనే మిగతా వాటికి. వేపగింజలు దొరికితే 50 గ్రాముల పప్పు దంచి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టినా చాలు. వారానికోసారి చల్లాలి. ఒక్కసారికే పురుగు మాయం కాదు, ఓపిక పట్టాలి. పొగాకు కషాయం మాత్రం నేను చెప్పను, నికోటిన్ కూడా విషమే. వేపనూనె చెట్టుది కదా అని చంటిపిల్లలకు తాగించడం కూడా ప్రమాదం, ఫిట్స్ రావచ్చు.

ఇక ఆ సీసా సంగతి. పురుగుమందును నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయవద్దు. పిల్లవాడు దాహమై తాగేస్తాడు. ఇంట్లో ఎవరైనా మనసు విరిగి ఉన్న రోజున కూడా అది చేతికందే చోట ఉండకూడదు. ఇంట్లో అసలు లేకపోవడమే మంచిది. మోరీలో పారబోయకుండా, ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేయండి.

ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు, పేడనీళ్లు పోసి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. కడిగేవారు చేతులకు కవర్లు తొడుక్కోవాలి. నోట్లో నురగ, చెమటలు, కంటిపాప చిన్నదవడం, ఆయాసం కనబడితే ఆలస్యం ప్రాణాపాయం. ఏ లక్షణమూ లేకపోయినా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా కూడా వెంట తేవాలి. ఏ మందో తెలిస్తే విరుగుడు వెంటనే మొదలుపెట్టగలం.