ఊపిరికీ ఒక కొలత ఉన్నది



మనం పాలు కొలుస్తాం, ధాన్యం తూస్తాం, కురిసిన వానను మిల్లీమీటర్లలో లెక్క కడతాం. మరి మనం పీల్చే గాలి సంగతి ఏమిటి? దానికీ ఒక కొలత ఉన్నది. కళ్ళంలో దుమ్ము మింగే మనకు ఆ కొలత తెలియడం చాలా అవసరం.

ఊపిరితిత్తి అన్న మాటలోనే కొలిమితిత్తి ఉన్నది గదా! ఎదిగిన మగమనిషి తిత్తులలో సుమారు 6 లీటర్ల గాలి పడుతుంది. ఊరకే కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసకు అర లీటరు మాత్రమే లోపలికి వెళ్ళి వస్తుంది. నిండా పీల్చి, పూర్తిగా ఊదితే నాలుగున్నర, ఐదు లీటర్ల దాకా బయటికి వస్తుంది. ఎంత ఊదినా ఒక లీటరు పైచిలుకు లోపలే ఉండిపోతుంది, గాదె అడుగున మిగిలిన గింజల మాదిరిగా. ఆడవారికి ఈ కొలతలు కొంత తక్కువ.

ఇంత నిల్వ ఉండబట్టే నష్టం మొదట్లో తెలియదు. ఆయాసం పైకి కనపడేసరికి తిత్తులు చాలావరకు చెడి ఉండవచ్చును. "వయసు మీద పడింది లెండి" అని సరిపెట్టుకుంటాం. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

1846లో లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు, నీటిలో బోర్లించిన పాత్రలోకి మనుషుల చేత ఊదించి ఆ గాలిని కొలిచాడు. ఆ యంత్రమే స్పైరోమీటరు. ఇప్పటివి చేతిలో ఇమిడేటంత చిన్నవి. ముక్కుకు క్లిప్పు పెడతారు. నిండా పీల్చి, గొట్టం చుట్టూ పెదవులు బిగించి, ఒక్క ఊపున గట్టిగా ఊది, గాలి అయిపోయేదాకా ఊదుతూనే ఉండాలి. కనీసం మూడుసార్లు చేయిస్తారు. సూది లేదు, నొప్పి లేదు.

ఎంత గాలి ఊదారన్నది ఒక లెక్క, మొదటి సెకండులో ఎంత వచ్చిందన్నది మరొక లెక్క. ఇద్దరు రైతులు చెరి 4 లీటర్లు ఊదారనుకోండి. ఒకరికి మొదటి సెకండులోనే 3 లీటర్లు వచ్చింది, రెండవవారికి 2 లీటర్లే వచ్చింది. రెండవవారి గొట్టాలు ఇరుకైనాయన్న మాట. నూటికి 70 కంటే తక్కువ వస్తే వైద్యులు దీనిని అనుమానిస్తారు. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తారు. బాగా మెరుగుపడితే ఉబ్బసం కావచ్చు. మెరుగు లేకుంటే పొగ, దుమ్ము వల్ల వచ్చిన శాశ్వత నష్టమేమో చూస్తారు.

ఇంకొక రకం ఉన్నది. గొట్టం బాగానే ఉంటుంది, తిత్తి తోలే బిగుసుకుపోతుంది. అప్పుడు మొత్తం గాలే తగ్గుతుంది. బూజు పట్టిన గడ్డిని కదిపిన నాలుగైదు గంటలకు దగ్గు, జ్వరం, ఆయాసం వచ్చి, ఒకటి రెండు రోజులకు తగ్గి, మళ్ళీ గడ్డి ముట్టుకుంటే తిరిగి వస్తున్నాయా? అది మామూలు జలుబు అనుకోకండి. ఏళ్ళ తరబడి సాగితే తిత్తులు గట్టిపడతాయి.

కనుక నూర్పిళ్ళు, మిరప కళ్ళాలు, పత్తి జిన్నింగు మిల్లులలో పనిచేసేవారు, చుట్టా బీడీ కాల్చేవారు, కట్టెపొయ్యి ముందు వండే తల్లులు, దగ్గు గాని ఆయాసం గాని వదలకుండా ఉంటే పెద్దాసుపత్రిలో ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. మీరు చేసే పని ఏమిటో డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఈమధ్య ఆపరేషను గాని, గుండెపోటు గాని వచ్చి ఉంటే ముందే చెప్పాలి. పరీక్షకు ముందు పొగ తాగకూడదు, కడుపునిండా తినకూడదు.

గడ్డి బాగా ఎండిన తరువాతే వామి వేయండి. తూర్పారబట్టేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి వీచేట్టు నిలబడండి. తుండుగుడ్డ సన్నని దుమ్మును ఆపదు, ముఖానికి బిగుతుగా అమరే మాస్కు కట్టండి. చుట్టా బీడీ మానండి. చెడిపోయిన తిత్తిని మళ్ళీ కొత్తది చేయలేం గాని, మిగిలినదానిని కాపాడుకోవడం మన చేతిలోనే ఉన్నది.