కారు హీటరు చల్లగాలి ఎందుకు వీస్తుంది?

విశాఖపట్నంలోనో, విజయవాడలోనో కారు నడిపేవారికి హీటరుతో పని పడదు. అటువంటి మీట ఒకటి ఉన్నదన్న సంగతే చాలామంది గమనించరు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈ మాట చెల్లదు. జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువకు, ఒక్కొక్కప్పుడు 30 డిగ్రీల దిగువకు కూడా పడిపోతుంది. ఉద్యోగాలకూ చదువులకూ వెళ్లి అక్కడ ఉంటున్న తెలుగువారికి ఈ చలి అనుభవమే. ఊరికి దూరాన, మంచు కురిసే రాత్రివేళ హీటరు చల్లగాలి వీచిందంటే అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

హీటరు అనగానే విద్యుత్ కుంపటిలో వలె తీగచుట్ట ఎర్రబడి గాలిని వేడిచేస్తుందని ఊహించడం సహజం. పెట్రోలు కారులో సాధారణంగా అటువంటిదేమీ ఉండదు. పెట్రోలు మండగా పుట్టిన ఉష్ణంలో సుమారు మూడోవంతు మాత్రమే చక్రాలను తిప్పడానికి ఉపయోగపడుతుంది. మరొక మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని ఇంజను చుట్టూ ప్రవహించే ద్రవం గ్రహించి, ముందుభాగంలోని రేడియేటరుకు చేర్చి గాలిలో కలుపుతుంది. నీటిలో ఎథిలీన్ గ్లైకాల్ కలిపిన ఈ ద్రవాన్ని మెకానిక్కులు కూలెంటు అంటారు. రెండూ సమపాళ్లలో కలిపితే సుమారు సున్నాకు 37 డిగ్రీల దిగువ వరకు అది గడ్డకట్టదు.

ఈ ద్రవంలో కొంత పాయగా చీలి, రెండు రబ్బరు గొట్టాల ద్వారా డాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరులోకి పోయి వస్తుంది. ఒక పంకా దాని మీదుగా గాలిని తోలుతుంది. హీటరు అంటే ఇంతే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడినప్పుడు విడిచే ఉష్ణం దాదాపు మూడున్నర వేల లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడిచేయగలదు. నీటి విశిష్టోష్ణం పాఠం చెప్పేవారికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కనుక చల్లగాలి వచ్చినప్పుడు మొదట చూడవలసినది హీటరును కాదు, ఇంజను ఉష్ణోగ్రత చూపే ముల్లును. కారు పదిహేను నిమిషాలు నడిచినా ముల్లు పైకి లేవకపోతే థర్మోస్టాటును అనుమానించాలి. ఇది రేడియేటరు దారిలోని ద్వారం. దీనిలోని మైనం సుమారు 85 లేక 90 డిగ్రీల వద్ద కరిగి, వ్యాకోచించి ద్వారాన్ని తెరుస్తుంది. తెరచిన ద్వారం తిరిగి మూసుకోకపోతే ద్రవమంతా ఎప్పుడూ రేడియేటరుకే పోయి ఇంజను వేడెక్కదు. కారు వేగంగా పోతున్నప్పుడు చల్లగాలి, కూడలిలో ఆగినప్పుడు కాస్త వెచ్చని గాలి రావడం ఈ లోపానికి గుర్తు. ఊడదీసిన థర్మోస్టాటును నీటిపాత్రలో థర్మామీటరుతోపాటు వేలాడదీసి కాచితే, ఏ డిగ్రీ వద్ద తెరచుకుంటున్నదో, చల్లారినప్పుడు మూసుకుంటున్నదో లేదో తరగతిలోనే చూడవచ్చు. దీనిని బాగుచేయడమంటూ లేదు, కొత్తది వేయవలసిందే.

గుర్తు ఇందుకు విరుద్ధంగా ఉంటే, అనగా ఆగినప్పుడు చల్లగాలి, వేగం పెంచినప్పుడు వెచ్చని గాలి వస్తుంటే, కూలెంటు తగ్గిందనో లోపల గాలి చేరిందనో భావించాలి. అనేక కార్లలో హీటరు ఎత్తుగా ఉంటుంది కనుక గాలిబుడగ అక్కడే చిక్కుకుంటుంది. చల్లని ఇంజనులో కూలెంటు నింపి, హీటరు మీటను పూర్తి వేడికి తిప్పి, ఇంజను నడిపి బుడగలు బయటకు పోనివ్వడం దీనికి చికిత్స. అయితే ద్రవం తనంతట తాను తగ్గదు. ఎక్కడ కారుతున్నదో కనిపెట్టకుండా పోస్తూ ఉండడం చిల్లుకుండలో నీరు పోయడమే. కారులో తియ్యని వాసన, అద్దం లోపలివైపు జిడ్డుగా పొగమంచు కనిపిస్తే హీటరే కారుతున్నదన్నమాట. ఎథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉన్నా విషం. పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా చూడాలి.

హీటరు చల్లగాలి వీస్తూ, ముల్లు మాత్రం ఎర్రగీత వైపు పోతుంటే కారును వెంటనే ఆపాలి. వేడిని మోసే ద్రవం హీటరుకు చేరడం లేదు. ఇంజనుకూ చాలడం లేదు. మరికొన్ని మైళ్లు నడిపితే సిలిండరు తల వంకరపోయి, ఇంజనే పాడుకావచ్చు. ఆ తొందరలో రేడియేటరు మూత విప్పరాదు. మూత లోపలి పీడనాన్ని వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపు చేస్తుంది. ఆ పీడనంలో నీరు 120 డిగ్రీల వరకు మరగదు. మూత తీయగానే పీడనం పడిపోయి, అంతవరకు మరగకుండా ఉన్న ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ప్రెషర్ కుక్కరు మూత సంగతి తెలిసిన ఇల్లాలికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ముల్లు సరిగానే ఉంటే హీటరు గొట్టాలు రెండింటినీ జాగ్రత్తగా తాకి చూడాలి. ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉంటే లోపల తుప్పు, మడ్డి చేరి దారి పూడుకుపోయి ఉంటుంది. కొన్ని కార్లలో ఆ దారిలో ఉండే కవాటం బిగుసుకుపోయినా ఇదే గుర్తు. పూడిక అయితే, గొట్టాలు విప్పి నీటిని వ్యతిరేక దిశలో మెల్లగా పంపితే మడ్డి చాలావరకు వస్తుంది. రెండూ వేడిగానే ఉంటే ద్రవానిది తప్పు కాదు. గాలిని హీటరు మీదికి మళ్లించే పలక కదలడం లేదు. పాత కార్లలో దానిని లాగే తీగ తెగుతుంది. కొత్తవాటిలో దానిని తిప్పే చిన్న మోటారు పాడవుతుంది.

విద్యుత్ కార్లలో ఈ వృథా ఉష్ణం చాలా తక్కువ. అందువల్ల బ్యాటరీ నుండి విద్యుత్తు తీసుకొని ప్రత్యేకంగా గాలిని వేడిచేయవలసి వస్తుంది. చలిదేశాలలో శీతకాలం వచ్చేసరికి ఆ కార్లు ఒక్క ఛార్జితో పోగల దూరం తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం.