అతుకులో నిప్పు

అమరకోశం అగ్నికి చెప్పిన పేర్లలో 'ఆశ్రయాశుడు' ఒకటి. తనకు ఆశ్రయమిచ్చిన దానినే తినివేసేవాడని దాని అర్థం. ఇంటి విద్యుత్తు తీగలలో పుట్టే నిప్పుకు ఈ పేరు చక్కగా సరిపోతుంది.

నిజామాబాదు జిల్లా పసుపుకు, బీడీల తయారీకి ప్రసిద్ధి. ఆ జిల్లాలోని నందిపేట్ వంటి ఊళ్లలో ఇల్లే పనిచోటు కూడా. ఎండిన తునికాకు, గోనెసంచులు, కర్ర దూలాలు ఉన్న ఇంట్లో ఒక్క రవ్వ చాలు. ఆ రవ్వ తరచుగా తీగల అతుకులలోనే పుడుతుంది.

తీగకు తీగ కలిసేచోట, స్విచ్చు మరలో తీగ బిగించేచోట స్పర్శ గట్టిగా ఉండాలి. వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది. నిరోధం ఉన్నచోట వేడి పుడుతుంది. జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించిన సూత్రం ప్రకారం విద్యుత్ప్రవాహం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. నీళ్లు కాచే హీటరుకు 8 ఆంపియర్ల ప్రవాహం అవసరమనుకుందాం. దారిలోని అతుకు నిరోధం ఒక్క ఓము ఉన్నా అక్కడ 64 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బు వేడి అంతా శనగగింజంత చోట చేరినట్లే! తీగపై తొడుగు మెత్తబడి, మాడి, చివరకు అంటుకుంటుంది.

ఫ్యూజు ఉన్నది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా ఇక్కడ పనికిరాదు. ప్రవాహం మితిమీరినప్పుడే ఫ్యూజు తీగ కరుగుతుంది, ఎం.సి.బి. పడిపోతుంది. వదులు అతుకు వల్ల ప్రవాహం పెరగదు, నిజానికి కొంత తగ్గుతుంది. కనుక కాపలాదారు మేలుకొని ఉన్నా దొంగ కనబడడు. ఇక కాలిన ఫ్యూజుకు బదులు లావుపాటి రాగితీగ చుట్టడమంటే కాపలాదారును సాగనంపడమే.

అయితే అతుకు ముందుగానే హెచ్చరిస్తుంది. బల్బు మిణుకుమిణుకుమంటుంది. స్విచ్చుబోర్డు వెచ్చబడుతుంది, ప్లగ్గు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక పడుతుంది, మాడు వాసన వస్తుంది. అప్పుడు టేపు చుట్టి ఊరుకోరాదు. టేపు తీగను కప్పుతుందే గాని అతుకును బిగించదు. మెయిన్ ఆపించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మరలు బిగింపించాలి. అల్యూమినియం తీగను, రాగితీగను నేరుగా మెలిపెట్టరాదు. తేమ తగిలితే ఆ అతుకు త్వరగా చెడుతుంది. గోడలో పూడ్చిన గొట్టం లోపల అతుకు ఉండనే కూడదు. తెరిచి చూడగల పెట్టెలోనే ఉండాలి. హీటరు వంటి వాటికి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన మందపు తీగ అవసరం.

మీటరు బోర్డు ముందు బస్తాలు పేర్చే అలవాటు కూడా మంచిది కాదు. మంట లేచినప్పుడు మొదట చేయి చేరవలసింది మెయిన్ స్విచ్చుకే. అది ఆపకముందు నీరు చల్లరాదు. పొడి ఇసుక పోయవచ్చు. అగ్నిమాపక కేంద్రం ఫోను నంబరు 101.